ముడి వేయని దారం

మర్గిలాన్,
1927 అక్టోబరు 9

బహ్రి అక్కకి రిసోలత్ సలాములు.

ముందుగా నా రాతని క్షమించు. గీతలు పైకీ కిందకీ పోతున్నాయి, కొన్ని అక్షరాలు మింగేశాను కూడా. ఓతిన్ అమ్మ బడిలో నాలుగు చలికాలాలు కూర్చున్నా, నా చేతికి సూది లొంగినట్టు కలం లొంగలేదు. పైగా హూరి ఒళ్ళో కూర్చుని మాటమాటకీ కాగితం లాగుతోంది. దానికి పళ్ళు వచ్చాయి. మొదట కరిచింది నన్నే.

అందరూ క్షేమం అని రాయాలి గానీ అత్తయ్య క్షేమంగా లేదు. వేసవిలో పట్టుకున్న దగ్గు వదలడం లేదు. మొన్న తన పెట్టె తెరిపించి తెల్లటి నేతగుడ్డ బయటికి తీయించింది. నా కోసం ఇది కత్తిరించి కుట్టి పెట్టు, నేను పోయిన రోజున మీరు ఒకరి గుమ్మం ముందు చేయి చాపకూడదు అంది. మన పెద్దవాళ్ళు ముందే సిద్ధం చేసుకోవడం కొత్తేం కాదు కదా. కొలతలు అడిగి కత్తిరించాను. మగవాళ్ళకి మూడు ముక్కలు చాలు. మనకి తలగుడ్డా ఎదగుడ్డా కలిపి అయిదు. బతికినన్నాళ్ళూ కప్పుకున్నది చాలలేదు కాబోలు. కత్తెర పడ్డాక మాత్రం ఆ గుడ్డ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తం. జబ్బుమనిషి వినేట్టు కఫన్ అంటే చావుని పిలిచినట్టే అవుతుంది.

ఇక మా ఆయన సంగతి. అన్నదమ్ములిద్దరిదీ పట్టు అద్దకమే అయినా, సాయంత్రం అయిందంటే ఈయన కాళ్ళు నాటకశాల వైపే పోతాయని నీకు తెలుసు. ఇక్కడ ఆడవాళ్ళు ఇంకా రంగం ఎక్కడం లేదు. అందుకని ఆడవేషాలన్నీ ఈయనకే. ఈసారి మన అమ్మమ్మలు కూడా చూసి ఏడ్చిన సేనాపతి కథ ఆడుతున్నారు. యుద్ధానికి వెళ్ళే మొగుడికి భార్య అంగీ కుట్టి ఇస్తుంది. ఆయన మోసంలో చచ్చిపోతాడు. నువ్వే చంపించావని మరుదులు ఆమెని ఈడ్చుకుపోతారు. ఏ పాపం ఎరగదని చివరికి, ఆమె పోయాక తెలుస్తుంది. ఆ భార్య వేషం ఈయనది.

దాని కోసం నన్ను ప్రశ్నలతో చంపుతున్నారు. కోపం వచ్చిన ఆడది టీ ఎలా పోస్తుంది అని అడిగారు. నాకు కోపం వచ్చినప్పుడు పొయ్యి దగ్గరే ఉండిపోతాను, టీ మీ అమ్మగారు పోస్తారు అన్నాను. చాలాసేపు నవ్వారు. చేతులు ఆనించకుండా ఎలా కూర్చుంటావు, పాప నిద్రపోతుంటే తలుపు ఎలా వేస్తావు, అన్నీ చూస్తున్నారు. ఇంతవరకు నన్ను ఎవరూ ఏమీ అడగలేదక్కా. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అయినా బాగుంది.

నిన్న ఆ గుడ్డ కుడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. దానికి దారం కొసన ముడి వేయకూడదు కదా, మొదటి కుట్టు జారిపోకుండా బొటనవేలితో అదిమి పట్టుకుని కుడుతున్నాను. ఏం కుడుతున్నావు అని అడిగారు. పక్కనే అత్తయ్య పడుకుని ఉంది. తల వంచుకున్నాను. నా లోపలి బట్టలేవో అనుకుని నవ్వి, ఇక అడగలేదు. నీ బొటనవేలు ఎంత భయంగా పట్టుకుందో, రంగం మీద ఇదే చేస్తాను, అన్నారు. గాలిలో సూది పట్టుకుని పది సార్లు చేసి చూపించారు. నా చేతిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఏమిటో చెప్పి పాడు చేయలేకపోయాను.

నీ మోకాలి నొప్పికి ఉప్పు కాపడం పెట్టుకో.

నీ చెల్లెలు
రిసోలత్

*

అందిజాన్,
1927 అక్టోబరు 27

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు బాగానే ఉన్నాయి, బుద్ధే వంకరగా ఉంది.

మొగుడు ఎదురుగా కూర్చుని కఫన్ కుట్టు నేర్చుకుంటుంటే తల వంచుకుని కూర్చున్నావా? అది నూరుమంది చూసే చోట చేస్తే ఆడవాళ్ళు గుర్తుపట్టరనుకున్నావా? నీకు చెప్పడానికి సిగ్గయితే మీ తోటికోడలు జుమ్రద్‌తో చెప్పించు. ఆవిడకి నోరుంది. నువ్వు చిన్నప్పుడూ ఇంతే. కాలిలో ముల్లు గుచ్చుకుంటే చెప్పకుండా మూడు రోజులు కుంటావు.

ఇంకో మాట. మీ ఆయన మంచివాడే, కాదనను. నా పెళ్ళాన్ని కొట్టను అనే మగాడు ఎక్కడైనా దొరుకుతాడా. కానీ గడ్డం గీసుకుని, జడలు కట్టుకుని నడుము తిప్పే మగాడిని చూసి ఊరు నవ్వుకుంటే ఆ నవ్వు ఇంట్లో ఎవరి మీద పడుతుందో ఆలోచించావా? ఆయన మీద పడదు. మీ బావగారు సోబిర్ మీద పడుతుంది. ఆయన చాయ్‌ఖానాలో నలుగురి మధ్య కూర్చోవాల్సిన మనిషి. నీ పెళ్ళిలో పిలావు దబరా మొదట ఇమాం గారి ముందు పెట్టారని అలిగిన మనిషాయన, నేను మర్చిపోలేదు.

మా అబ్బాయి ఎర్గష్‌కి రైలు షెడ్డులో పని ఖాయం అయింది. కంపు నూనె బట్టలు ఉతకలేక చస్తున్నాను. అత్తయ్యకి దానిమ్మ తొక్క కాచి పట్టు.

చెప్పు. ఈ ఉత్తరం చదివిన రోజే చెప్పు.

బహ్రి

*

మర్గిలాన్,
1927 నవంబరు 14

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేయబోయాను. జుమ్రద్ అక్కని అడిగితే, నీ మొగుడికి నువ్వే చెప్పుకో తల్లీ, మా గదిలో ఆయన పేరెత్తితే గిన్నెలు ఎగురుతున్నాయి, అంది. ఆవిడ మెడ మీద నీలంగా ఉంది. అద్దకం రంగు అంటుకుందిలే అని తానే చెప్పింది. నేను అడగలేదు కూడా.

ఇంతలో నాటకం మొదలైపోయింది. మగవాళ్ళు చూసిన రోజుల్లో చప్పట్లే చప్పట్లు. తర్వాత శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ళకి విడిగా ఆడారు. తలుపులన్నీ మూసి, నిలువెల్లా కప్పే పరంజీలు విప్పి గోడకి తగిలించి, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నాం. ఆడవాళ్ళ ఆట అంటే ఏడవడానికే వస్తారు, పెద్దపెద్ద చేతిగుడ్డలు తెచ్చుకుంటారు.

ఆయన సూది తీసుకుని కూర్చున్నారు. నిజంగా ఆడమనిషే, అక్కా. సూదిలో దారం ఎక్కించి, ముడి వేయకుండా గుడ్డలో దింపి, బొటనవేలితో అదిమారు. నా ముందు కూర్చున్న ముసలావిడ, ఓయమ్మా ఇది అంగీ కాదు, కఫన్ కుడుతోంది, అంది పక్కావిడతో. ఆ మాట వరసలు దాటి వెనక గోడ దాకా వెళ్ళడం నేను విన్నాను. అంతే. ఆ తర్వాత ఒక్కరూ ఏడవలేదు. మరుదులు జుట్టు పట్టి ఈడ్చుకుపోతుంటే, మామూలుగా ఆ ఏడుపు వీధిలోకి వినిపిస్తుందట, ఆ రోజు పిల్లల దగ్గు తప్ప ఏం వినిపించలేదు. ఎవరో, దానికి అలాగే కావాలి, అన్నారు. మొగుడి చావు ముందే తెలిసిన ఆడదాని కోసం ఎవరు ఏడుస్తారు?

ఆయన ఇంటికి వచ్చి, నేనేం తప్పు చేశాను, హంతకురాలిని చూసినట్టు చూశారు నన్ను, అన్నారు. అప్పుడు చెప్పాను. పెరట్లోకి తీసుకెళ్ళి, అత్తయ్యకి వినపడకుండా, చెవిలో చెప్పాను. తర్వాత మెల్లగా, "అయితే ఆమెకి తెలుసు. యుద్ధానికి పంపే ప్రతి ఆడదానికీ తెలుసు. రాసినవాడికే తెలియలేదు" అన్నారు.

వద్దు, మానేయండి అని బతిమాలాను. మానరట. ఇప్పటి నుంచి తెలిసే చేస్తారట. మగవాళ్ళు ఎలాగూ గుర్తుపట్టరు, ఆడవాళ్ళు చూడనీ, అన్నారు. కానీ ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి మొగుళ్ళకి చెప్పారు. ఇప్పుడు చాయ్‌ఖానాలో మా బావగారు కూర్చోగానే, ఏం సోబిర్, మీ తమ్ముడు వేషాలతో ఆగాడా, ఆడశవాలకి స్నానం కూడా చేయిస్తున్నాడా, అని అడుగుతున్నారట. మూడు రోజులుగా ఆయన మా వైపు అన్నం ముట్టడం లేదు.

నాకు భయంగా ఉంది. హూరికి మాత్రం ఏమీ పట్టలేదు, నేల మీద పాకుతూ రంగు పాత్రలో చేయి పెట్టి వచ్చింది.

రిసోలత్

*

అందిజాన్,
1927 నవంబరు 30

రిసోలత్,

దారాల కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మర్గిలాన్‌లో నాటకాల వాడి పెళ్ళాం మొగుడికి కఫన్ కుట్టి పెట్టెలో పెట్టిందట, ఊరంతా కళ్ళారా చూశారట. ఆ ఊరు మీకు తెలుసా అని నన్నే అడిగారు. తెలియదన్నాను. ఇంటికి వచ్చి పిండి కలుపుతూ ఏడ్చాను.

నాకు నిజం చెప్పు. నేను నీ అక్కని, కాజీని కాదు. అత్తయ్య కోసం కుట్టానన్నావు, సరే. కానీ నీ చేతి పని ఆయన చేతుల్లోకి ఊరికే వెళ్ళిందా? చెప్పడానికి నీకు నెల రోజులు నోరు రాలేదు. ఆయన మీద నీ మనసులో ఏదైనా ఉందా? ఇంట్లో మగాడు ఉండీ లేనట్టు ఉంటే ఆడదానికి ఎంత కష్టమో నాకు తెలియదా? అలాంటిది ఉంటే చెప్పు, ఎర్గష్‌ని బండితో పంపిస్తాను, పాపని తీసుకుని వచ్చేయి. మనసులో పెట్టుకుని కుట్టకు. దారానికి మనసు తెలుస్తుంది అని ఓతిన్ అమ్మ అనేది.

తప్పుగా అనుకోకు. అందరూ అంటుంటే నేను అడగకుండా ఎలా ఉండను.

బహ్రి

*

మర్గిలాన్,
1927 డిసెంబరు 13

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఆయన పెరట్లో తలుపు చెక్క మీద పడుకుని ఉన్నారు. తీసుకొచ్చినతను ఏం జరుగుతోందో తెలియక నా చేతిలో పెట్టి వెళ్ళాడు. దాన్ని రొమ్ములో దోపుకుని ఆయన ముఖం తుడిచాను. తర్వాత చదివాను.

నాటకశాల వెనక కాలవ గట్టు మీద పొడిచారు. ఆట అయ్యాక వేషం విప్పకముందే ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళారట. జడలు ఉన్నాయి, కళ్ళకి కాటుక ఉంది. పౌడరు కింద అద్దకం రంగుతో నీలంగా ఉన్న ఆ గోళ్ళు మాత్రం ఆయనవి. అందరికంటే గట్టిగా ఏడ్చింది బావగారే. తమ్ముడిని ఆడబట్టల్లో ఇమాం చూడకూడదని తానే చింపి తీసేశారు.

ఆ రోజే పూడ్చాలి. సహకార కొట్టులో తెల్లగుడ్డ ఒక్క గజం లేదు. అత్తయ్య పక్క మీద నుంచి లేవలేక అక్కడి నుంచే, నాది తీసుకోండి, వాడికి కప్పండి, అంది. అయిదు ముక్కల్లో మూడు ఇచ్చింది. తలగుడ్డా ఎదగుడ్డా మగవాళ్ళకి అక్కర్లేదు కదా, ఆ రెండూ తన దిండు కింద పెట్టుకుంది. అలా నేను కుట్టిన కఫన్‌లోనే ఆయన వెళ్ళారు. ఊరికి ఇంకేం కావాలి?

మూడో రోజు దినం భోజనాలు కాగానే బావగారు మిలీషియా పోలీసుల దగ్గరికి వెళ్ళి, నా మరదలు ముందే కఫన్ కుట్టి పెట్టుకుంది, ఎవడినో పెట్టుకుని చంపించింది అని చెప్పారు. విచారణకి పైఊరి ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. మీ భర్త పేరు చెప్పండి అన్నాడు. ఆ పేరు నోటితో పలకడం అదే మొదటిసారి, అక్కా. కమోల్ అన్నాను. గొంతు నాది కానట్టుంది. కఫన్ ముందే ఎందుకు సిద్ధంగా ఉంది అన్నాడు. అత్తయ్యది అని చెప్పాను. ఆడవాళ్ళదైతే ఇంకో రెండు ముక్కలు ఉండాలి అని కూడా చెప్పాను. అతను లోపలికి వెళ్ళి అత్తయ్యని అడిగాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

అత్తయ్య గోడ వైపు తిరిగి, "కుట్టింది కోడలు. ఎవరి కోసమో నేను అడగలేదు. నా దగ్గర ఇంకే ముక్కలూ లేవు" అంది.

ఆఫీసరు బయటికి వచ్చి, ఆ రెండూ తెచ్చి చూపించండి, మీ మాట నమ్ముతాను, లేకపోతే కాగితాలు పైకి పంపాల్సిందే, అన్నాడు. అంటే నన్ను తీసుకెళ్తారు. హూరి తండ్రి తరఫు వాళ్ళ దగ్గర, అంటే బావగారి దగ్గర ఉండిపోతుంది. ఊరు దాటవద్దని కూడా చెప్పాడు. దిండు కిందికి చేయి పెట్టనివ్వడం లేదు అత్తయ్య. పక్క దులపడానికి కూడా నన్ను రానివ్వదు. బావగారు రోజంతా ఆ గదిలోనే కూర్చుంటున్నారు.

ఆవిడ ఎందుకలా అందో నాకు తెలుసు. ఆయన పోయిన రాత్రి తెల్లవారుతూనే నీళ్ళకి వెళ్ళాను. జుమ్రద్ అక్క తొట్టిలో బావగారి అంగీ నానబెట్టి ఉంది. మంచు పడుతోంది, పొయ్యి మీద వేడినీళ్ళు ఉన్నాయి, అయినా చల్లటి నీళ్ళలో, ఉప్పు వేసి. ఏ మరకకి వేడినీళ్ళు పనికిరావో ఆడపిల్లకి ఎవరైనా చెప్పాలా? ఆవిడ నన్ను చూసింది. నేను తొట్టిని చూశాను. బిందె నింపుకుని వచ్చేశాను. ఆఫీసరుకి చెప్పాను, ఉతికిన బట్ట గురించి ఏం రాసుకోను అన్నాడు.

నువ్వు కూడా అడిగావు, ఆయన మీద నా మనసులో ఏదైనా ఉందా అని. నువ్వే అడిగాక ఆఫీసరు అడగడంలో తప్పేముంది? ఉంది, అక్కా. ఆయన నన్ను చూస్తుంటే నేను ఉన్నానని నాకు తెలిసేది. నా మనసులో ఉన్నది అదే.

రిసోలత్

*

అందిజాన్,
1927 డిసెంబరు 25

చెల్లీ,

ఆ ఉత్తరం రాసిన చేతిని పొయ్యిలో పెట్టుకోవాలనిపించింది. క్షమించమని అడగను, నువ్వు వెంటనే క్షమించేస్తావు, అది నాకు ఇంకా కష్టం. దుఃఖానికి నీలం బట్టలు కట్టుకున్నాను. దారాల కొట్టుకి వెళ్ళి ఆ ఇద్దరి కోసం చూశాను, మీరన్నది నా చెల్లెలి గురించి అని చెబుదామని. కనపడలేదు. కొట్టువాడికే చెప్పి వచ్చాను.

ఎర్గష్‌కి సెలవు దొరకలేదు. నేను ఒక్కదాన్నే వస్తానంటే దారిలో మంచుకి బళ్ళు ఆగిపోయాయి. అందుకని ఇక్కడి నుంచే చెబుతున్నాను, విను. నీ సిగ్గు ఇక పక్కన పెట్టు. ముసలావిడ నిద్రపోతే లాక్కో. దగ్గు తెరలో లేపి కూర్చోబెట్టినప్పుడు లాక్కో. పాపం అనుకోకు. ఆవిడ తన బిడ్డ కోసం అబద్ధం ఆడింది. నువ్వు నీ బిడ్డ కోసం దొంగతనం చేయి.

సర్కారు పెట్టిన ఆడవాళ్ళ క్లబ్బులో ఎవరైనా ఉంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళు. వాళ్ళ మాట ఆఫీసర్లు వింటారట.

నాకు రాయి. నువ్వు బతికే ఉన్నావని చూసుకోవడానికైనా రాయి.

బహ్రి

*

మర్గిలాన్,
1928 జనవరి 8

అక్కా,

ఇది క్లబ్బులో కూర్చుని రాస్తున్నాను. హూరి బెంచీ మీద నిద్రపోతోంది. ఇక్కడి ఆవిడ దానికి పాలు కాచి ఇచ్చింది.

అత్తయ్య నిన్న పొద్దున పోయింది. ముందు రోజు సాయంత్రం బావగారు నమాజుకి వెళ్ళినప్పుడు నన్ను పిలిచింది. దగ్గరకి వంగితే నా చేయి పట్టుకుంది. చేతిలో పట్టు లేదు, ఎముకలే.

"ఇద్దరిని కన్నాను. ఒకడిని మట్టికి ఇచ్చాను. రెండోవాడిని నీకు ఇవ్వలేను" అంది. "నా తల మీద, ఎద మీద నా గుడ్డే కప్పు. నీ చేత్తో కుట్టిందే. వాడు మిగతా మూడింటిలో ఉన్నాడు. నేను ఈ రెండింటిలో ఉంటాను."

అంటే ఆ రెండూ తనతో మట్టిలోకి పోవాలి. బావగారి మీద ఇక ఏ నీడా పడకూడదు. నా గురించి ఏమీ అనలేదు. హూరిని ఒకసారి తీసుకురమ్మంది, తల నిమిరింది. నేను సరే అన్నాను. చచ్చిపోతున్న మనిషికి ఇంకేం చెబుతాను? మనసులో కూడా సరే అనే అనుకున్నాను, అబద్ధం కాదు.

స్నానానికి తుర్ది అవ్వ వచ్చింది. మా వాడలో పోయిన ఆడవాళ్ళందరికీ ఆవిడే నీళ్ళు పోస్తుంది. గదిలో ఆవిడా, నేనూ, జుమ్రద్ అక్కా. తలుపు బయట బావగారు. పెద్ద ముక్కలు మూడూ వాడవాళ్ళు పంపించారు. దిండు ఎత్తితే ఆ రెండూ ఉన్నాయి, మడత నలగకుండా. నేను తీసుకున్నాను. తుర్ది అవ్వ నీళ్ళు పోయడం అయ్యాక, ఇలా ఇవ్వు తల్లీ, అంది. నా చేయి రాలేదు. చాపుదామనే అనుకున్నాను. పక్క గదిలో హూరి ఏడుస్తోంది, బావగారి పిల్లలు ఎవరో దాన్ని ఊరుకోబెడుతున్నారు. ఆ ఏడుపు ఇక ఎప్పటికీ ఆ ఇంట్లోనే ఉండిపోతుంది అనిపించింది. గుడ్డలు పొట్టకి అదుముకుని నిలబడిపోయాను.

తుర్ది అవ్వ నన్ను చూసింది, గుడ్డల్ని చూసింది. నాటకం రోజు నా ముందు వరసలో కూర్చున్నది ఆవిడే అని నీకు చెప్పలేదు. కఫన్ అని మొదట అన్నది ఆవిడే. ఇప్పుడు అంత దగ్గరగా తన వృత్తికి సంబంధించిన గుడ్డ చూస్తూ ఏమీ అడగలేదు. గోడ వైపు తిరిగి ప్రార్థన అందుకుంది, మామూలు కంటే గట్టిగా.

జుమ్రద్ అక్క బయటికి వెళ్ళింది. అయిపోయింది, ఆయనకి చెబుతుంది అనుకున్నాను. తిరిగి వచ్చినప్పుడు చేతిలో తన పెళ్ళినాటి తెల్లటి ముసుగు ఉంది. పళ్ళతో కొరికి నిలువునా చింపింది. ముక్కలు సన్నగా ఉన్నాయి, కలిపి కుడితే గానీ చాలవు. సూదిలో దారం ఎక్కించి, ముడి వేయకుండా నాకు అందించింది.

"త్వరగా కుట్టు. నీళ్ళు చల్లారిపోతున్నాయి" అంది.

ఆ దారం ఎక్కడికి పోతుందో ఆవిడకి తెలుసు. తన మొగుడి మెడకి. నలుగురు పిల్లలు ఆవిడకి. అయినా ఇచ్చింది. మెడ మీద ఆ నీలం ఇంకా ఉంది, దాని పక్కన ఇంకొకటి ఉంది. ఎందుకిచ్చావని నేను అడగలేదు, ఎప్పటికీ అడగను. నేను కుడుతుంటే ఆవిడ అత్తయ్య జుట్టు రెండు పాయలు చేసి ఎద మీదకి సర్దింది. చాలా నెమ్మదిగా, పాపకి సర్దినట్టు. తర్వాత ఇద్దరం కలిసి కప్పాం. అత్తయ్య ముఖం మీద ఆ ముసుగు అంచు పడింది, పెళ్ళికూతురి గుడ్డ కదా, అంచున తెల్లదారంతో చిన్న పూలు ఉన్నాయి. తుర్ది అవ్వ ఆ అంచుని లోపలికి మడిచేసింది.

తలుపు బయట నుంచి బావగారు, అమ్మకి తన గుడ్డలే వేశారా అని అడిగారు. తుర్ది అవ్వ లోపలి నుంచే, "అయిదూ వేశాం నాయనా. మీ అమ్మకి ఏ లోటూ లేదు" అంది. ఆయన గోడకి తల ఆనించి ఏడ్చారు. ఆ ఏడుపు నిజమే, అక్కా. తమ్ముడి కోసం ఏడ్చింది కూడా నిజమే అనుకుంటాను. అదే నాకు అర్థం కాదు.

మగవాళ్ళు తీసుకెళ్ళి పూడ్చి వచ్చారు. నేను ఆ రెండు ముక్కలూ నడుముకి చుట్టుకుని పైన దుఃఖపు పట్టీ బిగించాను. ఈ రోజు పొద్దున, పాపకి దగ్గుగా ఉంది, ఆసుపత్రిలో చూపిస్తాను అని జుమ్రద్ అక్కతో చెప్పించాను. ఆయన పెరట్లోనే ఉన్నారు. వద్దంటారనుకున్నాను. కానీ తల్లి గుడ్డ తల్లితో పోయిందన్న నెమ్మది ఉంది ఆ ముఖంలో. గేటు గడియ మంచుకి బిగుసుకుపోయింది, నేను లాగలేకపోతుంటే ఆయనే వచ్చి తీశారు. పాప నా పరంజీలో కాళ్ళు ఆడిస్తుంటే దాని మేజోడు పైకి లాగి, చలి ఎక్కువగా ఉంది, త్వరగా వచ్చేయండి అమ్మాయీ, అన్నారు. నేను ఆ గేటు దాటి వచ్చాను.

రేపు పొద్దున ఆఫీసరు ఇక్కడికి వస్తాడు. ఆ రెండూ అతని ముందు పరుస్తాను. క్లబ్బు ఆవిడ పక్కన ఉండి, ఇవి ఆడవాళ్ళవేనని చెబుతుంది. ఉప్పునీళ్ళ తొట్టి గురించి ఇప్పుడు రాసుకుంటాడట. తర్వాత వాళ్ళు ఆ ఇంటికి వెళ్తారు. నేను బతుకుతాను, హూరి నాతో ఉంటుంది. అత్తయ్యకి ఇచ్చిన మాట మాత్రం లేదు. ఒక తల్లిని ఇంకొకరి ముసుగులో పూడ్చి పెట్టి, ఆవిడకి మిగిలిన ఒక్క కొడుకుని ఆవిడ గుడ్డతోనే పట్టిస్తున్నాను.

ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చదవడం అవగానే ఈ ఉత్తరాన్ని పొయ్యిలో వేసెయ్యి, అక్కా. బూడిద అయ్యేదాకా అక్కడే ఉండు. ఆఫీసరుకి భయపడి కాదు. జుమ్రద్ అక్క పెద్దకూతురు ఈ క్లబ్బులోనే అక్షరాలు నేర్చుకుంటోంది. ఇందాక వచ్చి, పలక మీద నాన్న పేరు రాసి నాకు చూపించి వెళ్ళింది.

రిసోలత్